మామ నాకు చూపించని స్కోపు

దయ్యాలు, ఆత్మలు అనేవాళ్లతో జీవితమంతా వాదించినవాణ్ణి నేను. ఇప్పటికీ నమ్మను. కానీ మా మామ స్కోపు విషయంలో నా దగ్గర జవాబు లేదు. ఇది విని నవ్వినవాళ్లు ఇప్పటికే కొందరున్నారు. వాళ్లెవరో నాకు బాగా గుర్తుంది.

తొంభైల మొదట్లో పెళ్లి చేసుకుని, కె.ఆర్.పురానికి ఇల్లరికం వచ్చాను. మామకు భార్య పోయింది, ఒక్కతే కూతురు. ఇనుప సామాన్ల అంగడి ఉండేది. అందులో మిగిలిందంతా పాత రైఫిళ్ల మీద పోసేవాడు. యుద్ధకాలంలో చాలా దూరం నుంచి గురి చూసి కొట్టే సిపాయిలు వాడిన స్నైపర్ రైఫిళ్లు అవి. లైసెన్సు తీసుకుని పెట్టుకున్నాడు. ఒక్కదాన్నీ ఎప్పుడూ పేల్చలేదు.

ఆయనకు కావలసింది జత. దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపించే గొట్టం ఒకటి ఆ రైఫిల్ మీద ఉంటుంది, అదే స్కోపు. ఏ రైఫిల్‌కు ఏ స్కోపు బిగిస్తే ఆ రెండింటి మీదా ఒకే నెంబరు కొట్టేవారట. తర్వాత చేతులు మారి చాలావరకు విడిపోయాయి. కొడగులో ఒక కాఫీ తోట ఇంట్లో ఆయనకు జర్మన్ రైఫిల్ దొరికింది, స్కోపు లేకుండా. ఏళ్ల తరబడి వెతికి, చివరికి ఆ ఇంటివాళ్ల బంధువుల దగ్గర దాని స్కోపే పట్టుకొచ్చాడు. ఇంత తిరగడమెందుకు, వేరేది పెట్టుకోవచ్చు కదా అని నేనొకసారి అన్నాను. భోజనాల దగ్గర, చుట్టాలందరి ముందూ జవాబిచ్చాడు.

"బయట నుంచి తెచ్చి బిగించింది ఎన్నటికీ ఒరిజినల్ కాదప్పా."

ఇల్లరికపు అల్లుడి ముందు అనవలసిన మాటేనా అది?

ఆ ఏడాది ఆయుధ పూజకు రైఫిళ్లు హాల్లో పరిచి, పూజ పని నాకే అప్పజెప్పాడు. అంగడి తక్కెడకు పెట్టాను, నా స్కూటరు హెడ్‌లైటుకు పెట్టాను, అలాగే స్కోపు అద్దానికీ గంధం రాసి కుంకుమ పెట్టాను. పండగనాడు ఎవరైనా చేసేదే. మామ వచ్చి చూశాడు.

"లారీ అనుకుంటివా అల్లుడప్పా?"

అంతే అన్నాడు. మెత్తటి బ్రష్షుతో సాయంత్రం దాకా ఆ అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆనాటి నుంచి నేను దాన్ని ముట్టకూడదు. ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ మిద్దె మీదికి తీసుకెళ్లి స్కోపులో చూపించేవాడు. పాలాయనకు కూడా చూపించాడు. నన్ను మాత్రం ఒక్కసారీ పిలవలేదు.

చెడ్డవాడు కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అంగడి మూసేసి నా మంచం పక్కనే కూర్చున్నాడు, గంజి తన చేత్తోనే తాగించాడు. ఎందుకింత శ్రమ అంటే, కూతురు ఏడుస్తుందని అన్నాడు. నా కోసమని అనడానికి నోరు రాలేదు.

ఇక్కడ కళ్ల సంగతి చెప్పాలి. కళ్లద్దాలు తీస్తే నాకు ఎదురింటి గేటు కూడా మసకే. మామకు దూరపు చూపు చివరిదాకా చక్కగా ఉండేది. స్కోపు వెనక ఒక రింగు ఉంటుంది, చూసేవాడి కంటికి తగ్గట్టు దాన్ని తిప్పుకోవాలి. ఈ స్కోపులో గ్రీజు ఏనాడో గట్టిపడి, ఆ రింగు ఎవరి చేతికీ తిరిగేది కాదు. అది బిగుసుకున్న చోటు మామ కంటికి సరిపోయింది.

మా మిద్దె మీద నుంచి కనిపించేట్టు, లావు ఇనుప తీగలతో వేలాడదీసి కొత్తగా కట్టిన హ్యాంగింగ్ బ్రిడ్జి మీద బళ్లు తిరగడం మొదలైన తర్వాత ఎన్నికలొచ్చాయి. లైసెన్సు ఉన్నవాళ్లంతా ఓట్లు అయ్యేదాకా తుపాకులు పోలీసులకో, తుపాకులమ్మే అంగడికో అప్పగించాలన్నారు. ఆ పొద్దున మామ మిద్దె మీద నుంచి చివరిసారి స్కోపులో చూసి, బ్రిడ్జి తీగ మీద కాకి ముక్కు రుద్దుకుంటోందని నా భార్యకు చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తర్వాత రైఫిల్‌నూ స్కోపునూ ఒకే పెట్టెలో పెట్టి, తుపాకుల అంగడికి మేమిద్దరమే తీసుకెళ్లాం. మా కళ్ల ముందే లక్కతో సీలు వేశారు.

పెట్టె తిరిగి రాకముందే మామ ఆసుపత్రిలో చేరాడు. మాట పడిపోయింది. ఒక మధ్యాహ్నం చెయ్యెత్తి నా కళ్లద్దాలు తీసేశాడు. వాటిని తన గుండెల మీద పెట్టుకుని చాలాసేపు నా వైపే చూశాడు. నాకు ఆయన ముఖం మసగ్గా తప్ప కనిపించలేదు. ఈ మనిషికి ఇప్పుడు కూడా నాతో ఆటలేనా అని ఒళ్లు మండింది. మర్నాడు పోయాడు.

లైసెన్సు నా భార్య పేరు మీదికి రావడానికి నెలలు పట్టింది. సీలు మా ముందే పగలగొట్టారు, వేసింది వేసినట్టే ఉంది. ఇంటికొచ్చి మిద్దె ఎక్కాం. ఆమె స్కోపు నా చేతిలో పెట్టింది.

"మీరే ముందు చూడండి. నాయన చూపలేదని ఇన్నేళ్లు నన్ను సాధిస్తిరి కదా."

కళ్లద్దాలు తీసి కన్ను ఆనించాను. బ్రిడ్జి తీగలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. బస్సు కిటికీలో ఒకాయన అరటిపండు ఒలుచుకుంటున్నాడు. నా కళ్లతో అంత స్పష్టంగా నేనెప్పుడూ ఏదీ చూడలేదు. కళ్లద్దాలు అక్కర్లేని ఆమె తీసుకుని చూసింది. అంతా మసక అంది.

నేనే రింగు తిప్పానని ఆమె అనుమానం. ఇద్దరం తిప్పి చూశాం, కదల్లేదు. కెమెరాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళితే, దీన్ని ఎవరూ విప్పిన జాడ లేదు, విప్పకుండా ఇది తిరగదు అన్నాడు. మామే ముందుగా తిప్పి ఉంచాడందామా? ఆ పొద్దున కాకి ముక్కు దాకా స్పష్టంగా చూసింది ఆయనే. పెట్టెకు సీలు పడేదాకా నేను వెంటే ఉన్నాను.

అది ఒక్కసారితో అయిపోయుంటే ఏదో పొరపాటనుకుని వదిలేసేవాణ్ణి. తర్వాత నా పవర్ పెరిగి కళ్లద్దాలు మార్చాను. పెట్టె తెరిచి, కళ్లద్దాలు లేకుండా స్కోపులో చూస్తే స్పష్టంగానే ఉంది. మళ్లీ పెరిగింది, మళ్లీ మార్చాను. అప్పుడూ అంతే. రింగు మీది గీత కొంచెం జరిగి ఉంది. పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది.

ఎలాగో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. మామ మీద నా కోపమూ అలాగే ఉంది. ఇంత పట్టించుకునే మనిషి, బతికుండగా ఒక్కసారి మిద్దె మీదికి రమ్మని పిలిచి ఉంటే ఏం పోయేది?