దానంతట అదే తెరుచుకున్న తలుపు

తెనాలిలో టీవీలు బాగుచేసే షాపు నాది. రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు ఆ పని తగ్గిపోయింది. టీవీ చెడిపోతే బాగుచేయించుకునే బదులు జనం కొత్తది కొనేస్తున్నారు. అప్పుడు నేను రిమోట్ స్విచ్చుల పని పట్టుకున్నాను. హైదరాబాదు నుంచి సర్క్యూట్ బోర్డులు తెప్పించి, షాపులోనే ప్లాస్టిక్ పెట్టెల్లో బిగించి, ఇళ్ళకు అమర్చేవాణ్ణి. మంచం మీద నుంచే లైటు వేసుకోవచ్చు, ఫ్యాను తిప్పుకోవచ్చు. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కలిపి పదిహేను ఇళ్ళ దాకా చేశాను. నాకు పని బాగా వచ్చనే నమ్మకం ఉండేది.

బాపట్లలో చేసిన ఇల్లు మాత్రం సరదాకు చేయించుకున్నది కాదు. ఆ ఇంటావిడ బళ్ళో టీచరు. భర్త రైల్వే ఉద్యోగి. యాభై నిండీ నిండకుండానే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి మాత్రం బాగా ఆడేది. ఆ చేతిలో పట్టేలా నాలుగు బటన్ల రిమోట్ ఇచ్చాను. ఒకటి లైటుకు, ఒకటి ఫ్యానుకు, ఒకటి వంటింట్లో మోగే గంటకు, నాలుగోది వీధి తలుపుకు. ఆ తలుపుకు కరెంటు తాళం పెట్టాను. తలుపు మూసుకుంటే తాళం దానంతట అదే పడుతుంది. మళ్ళీ తెరవాలంటే రిమోట్ నొక్కాలి, లేదా లోపలి మీట తిప్పాలి, లేదా బయట నుంచి తాళంచెవి పెట్టాలి. ఆయన గదిలో ఒక పెట్టె, తలుపు పక్కన గోడకు ఇంకొక పెట్టె బిగించాను.

రెండు నెలలు బాగానే నడిచింది. ఉగాది వెళ్ళాక టీచరుగారు ఫోన్ చేశారు. తలుపు దానంతట అదే తెరుచుకుంటోందట.

"ఠక్కుమని చప్పుడవుతుంది బాబూ. చూస్తే తలుపు తీసి ఉంటుంది. ఈయన నొక్కలేదు. రిమోట్ దిండు పక్కన పడుంది."

వెళ్ళాను. గంటసేపు కూర్చున్నా తలుపు కదల్లేదు. తాళాన్ని తెరిచే రిలే మార్చి వచ్చాను. నాలుగు రోజులకు మళ్ళీ ఫోను. ఈసారి బోర్డే మార్చేశాను. వారానికి మళ్ళీ అదే కథ. ఆవిడ బళ్ళో ఉన్నప్పుడు తలుపు తెరుచుకుందట, కుక్క లోపలికి వచ్చిందట. వంట చేసి వెళ్ళిపోయే మనిషి వచ్చేదాకా ఆయన కుక్కను చూస్తూ మంచం మీద అలాగే ఉన్నారట.

మూడోసారి వెళ్ళినప్పుడు టీచరుగారు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నిజం చెప్పు బాబూ. జబ్బేంటో నీకు తెలియలేదు కదా?"

"తెలిసిందండి. ఎక్కడిదో సిగ్నల్ వచ్చి తగులుతోంది. ఇక తగలదు" అన్నాను.

నాకు తెలియలేదు. ఊహించానంతే. తలుపు పక్క పెట్టెలో సిగ్నల్ అందుకునే తీగ ఒకటి ఉంటుంది. దాన్ని సగానికి పైగా కత్తిరించేశాను. తీగ పొట్టిదైతే దూరపు సిగ్నల్ అందదు. తర్వాత ఆయన గది గుమ్మంలో నిలబడి రిమోట్ నొక్కాను, తలుపు తెరుచుకుంది. ఆయన నిద్రపోతున్నారు. మంచం దాకా వెళ్ళి అక్కడ నుంచి కూడా నొక్కి చూడాల్సింది. లేపడం ఎందుకులే అనుకుని బస్సెక్కాను.

మూడు వారాలు ఫోను రాలేదు. సమస్య తీరిందనుకున్నాను.

మే నెలలో ఒక ఉదయం రేపల్లెలో ఒక డాబా ఎక్కి ఉన్నాను. ట్యాంకు నిండినా మోటారు ఆగడం లేదని పిలిచారు. అక్కడి ఉప్పునీళ్ళకు ట్యాంకులోని సెన్సారు కడ్డీలు తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి. గీకుతుంటే ఫోను మోగింది.

"అన్నయ్యగారూ, టీచరుగారింట్లో రిమోట్లు పెట్టింది మీరేనా అండీ? తలుపు మీద స్టిక్కరు చూసి చేస్తున్నాను. వాళ్ళ పక్కింట్లో ఉంటాం."

వెనక టీచరుగారి గొంతు వినిపిస్తోంది. పక్కింటావిడ చెప్పింది ఇది. టీచరుగారు కూరగాయల బండి కోసం గేటు దాకా వచ్చారు. వెనక తలుపు మూసుకుంది. తాళంచెవి లోపల మేకుకు ఉంది. పెరటి తలుపుకు లోపల గడియ. కిటికీలన్నిటికీ ఇనప ఊచలు. ఆయన రిమోట్ నొక్కుతూనే ఉన్నారు, తలుపు రావడం లేదు.

"పొయ్యి మీద కుక్కరుందండి" అంది చివర్లో.

అప్పుడే ఫోనులో విజిల్ వినిపించింది.

"ఎన్నోది?"

"నాలుగోది" అన్నారు టీచరుగారు, ఫోను తీసుకుని. "మూడుకి ఆపేస్తాను రోజూ. కరెంటు ఉంది బాబూ, ఫ్యాను తిరుగుతోంది. ఆయన గది కిటికీ దగ్గరే ఉన్నాను."

"రిమోట్ నొక్కినప్పుడు ఎర్ర లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది. కాస్త మందంగా."

నేను కత్తిరించిన తీగ గుర్తొచ్చింది. రిమోట్ సెల్లు కొత్తగా ఉన్నన్నాళ్ళూ మంచం దగ్గర నుంచి ఎలాగో అందింది. సెల్లు అరిగింది, ఇక అందడం లేదు. తలుపు దగ్గరికి తెచ్చి నొక్కితే పనిచేస్తుంది. తెచ్చేదెవరు?

"కిటికీ దోమతెర చింపండి. రిమోట్ మీ వైపు విసరమనండి."

ఆవిడ చింపిన చప్పుడు వినిపించింది. "ఏమండీ, ఇటు విసరండి. గట్టిగా" అంటున్నారు. తర్వాత ఏదో నేల మీద పడ్డ చప్పుడు.

"అందలేదు" అన్నారు. "మంచం కింద పడింది. ఇప్పుడు ఆయన చేతిలో కూడా లేదు."

ఐదో విజిల్. వెంటనే ఆరోది. ఎవరో గునపం తెమ్మంటున్నారు. టేకు తలుపు, తాళానికి మందపాటి ఇనప పట్టీ, అన్నీ నేనే దగ్గరుండి బిగించినవి. అది అంత సులువుగా రాదని నాకు తెలుసు. డాబా కింద నుంచి రేపల్లె ఇంటాయన "మోటారు వెయ్యమంటావా?" అని అరుస్తున్నాడు. వద్దని చెయ్యి ఊపాను.

"బాబూ, విజిల్ ఆగిపోయింది" అన్నారు టీచరుగారు. "నీళ్ళు ఇంకిపోయినట్టున్నాయి. మాడు వాసన వస్తోంది."

ఇంతలో ఫోనులో ఎక్కడో కోయిల కూసినట్టు ఒక బొమ్మ గొంతు వినిపించింది. రెండుసార్లు కూసి ఆగింది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"మా కాలింగ్ బెల్లండి" అంది పక్కింటావిడ, ఫోను అందుకుని. "గేటు దగ్గర ఎవరో నొక్కినట్టున్నారు."

"దానికి వైరుందా?"

"లేదండి. వైరు లేకుండా మోగేది. ఉగాదికి కొన్నాం."

ఉగాదికి. కడ్డీ కింద పెట్టి ట్యాంకు పక్కనే కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆ తలుపు తెరిచింది పక్కింటి గంట. ఎవరు వచ్చి వాళ్ళ గేటు దగ్గర బటన్ నొక్కినా టీచరుగారి తాళం వింటోంది. తీగ కత్తిరించాక వినడం మానేసింది, అంతే.

"అమ్మా, ఆ బటన్ పీకి పట్టుకురండి. విరిగినా పరవాలేదు. తలుపుకి కుడిపక్క, మీ ఛాతీ ఎత్తున, గోడకి ఆనించి నొక్కండి."

పరుగు చప్పుడు. "నొక్కుతున్నానండి. ఏం కాలేదు."

"జానెడు పైకి జరపండి. నొక్కి అలాగే ఉంచండి."

అప్పుడు వినిపించింది, ఠక్కుమని. రేపల్లెలో డాబా మీద కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించింది. తర్వాత అడుగుల చప్పుడు, ఎవరివో కేకలు, దగ్గు. ఫోను ఎవరూ పట్టించుకోలేదు. నేను పెట్టెయ్యలేదు. చాలాసేపటికి టీచరుగారి గొంతు వచ్చింది.

"పొయ్యి ఆపేశాను. ఆయన బాగానే ఉన్నారు. నువ్వు రా."

సెన్సారు కడ్డీలు అక్కడే వదిలేసి బస్సెక్కాను. చెరుకుపల్లి, కర్లపాలెం దాటి బాపట్ల చేరేసరికి గంటన్నర పైన పట్టింది. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. గుమ్మంలో అడుగుపెట్టి పొగ వాసన తగిలేసరికి కూడబలుక్కున్నదంతా పోయింది. కుక్కరు అడుగు నల్లబడి పెరట్లో ఉంది. ఆయన ఎడమ బొటనవేలి మీద బటన్ అచ్చు ఎర్రగా పడి ఉంది. అంతసేపు నొక్కారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ప్రతి బోర్డు మీదా ఎనిమిది చిన్న పిన్నులుంటాయి. వాటిని ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా కలిపి టంకం పెడితే ఆ ఇంటి పెట్టె ఆ ఇంటి రిమోట్ మాటే వింటుంది. కలపకపోతే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. అలా వచ్చిన వస్తువు ఏది పక్కన ఉన్నా దాని మాట వింటుంది. ఎలాగూ పనిచేస్తోంది కదా అని నేను కలపలేదు.

"జబ్బు తెలిసిందని ఆ రోజు అబద్ధం చెప్పానండి" అన్నాను.

టీచరుగారు తిట్టలేదు. "ఆ తలుపుది తీసేసెయ్ బాబూ. లైటూ ఫ్యానూ చాలు మాకు" అన్నారు.

మంచం మీద ఆయన ఎడమ చేత్తో పరుపు మీద గట్టిగా కొట్టారు. మళ్ళీ కొట్టారు. తలుపు వైపు వేలు చూపించి, ఆ వేలు తన గుండెకు ఆనించుకున్నారు.

"ఉంచమంటారా? ఇంత జరిగాక కూడానా?" అన్నారావిడ. ఆయన చూపు తిప్పుకోలేదు.

ఆవిడ నా వైపు తిరిగారు. "బడి నుంచి వస్తూ గేటు దగ్గర పిలుస్తాను. మెట్టెక్కేసరికి తలుపు తీస్తారు. రోజంతటికీ ఆయన చేసే పని అదొక్కటే."

సాయంత్రం దాకా అక్కడే పనిచేశాను. కొత్త తీగ పెట్టాను. రెండు పెట్టెలకూ, రిమోట్‌కూ పిన్నులు వేరే వరసలో కలిపి టంకం పెట్టాను. కొత్త సెల్లు వేశాను. రెండో తాళంచెవి చేయించి పక్కింట్లో ఇప్పించాను. వాళ్ళ గంటను ఇరవైసార్లు మోగించాం, తలుపు కదల్లేదు. తర్వాత టీచరుగారు బయటికి వెళ్ళి తలుపు మూసుకున్నారు. నేను గదిలో మంచం పక్కన నిలబడ్డాను. ఆయన నా వైపు చూసి, వెంటనే నొక్కలేదు. బయట నుంచి ఆవిడ "ఏమండీ" అని పిలిచారు. అప్పుడు నొక్కారు.

ఆ తర్వాత మిగిలిన ఇళ్ళన్నీ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ చేసిన పొరపాటు చెప్పి, పెట్టె విప్పి, పిన్నులు కలిపాను. కొందరు కూర్చోబెట్టి టిఫిన్ పెట్టారు. తెనాలిలో వీధి తలుపుకు కూడా తాళం పెట్టించుకున్న ఒక బట్టల వ్యాపారి మాత్రం సాంతం విని, "అంటే ఇన్నాళ్ళూ మా తలుపు ఎవడైనా తియ్యొచ్చన్నమాట" అన్నాడు. అవునండి అన్నాను. ఉన్నవన్నీ ఊడదీసుకుపొమ్మన్నాడు. గోడ చిల్లులు పూడ్చి, పెట్టెలు సంచిలో వేసుకుని వచ్చాను. ఆయన షాపు ముందు నుంచి వెళ్ళడం చాలాకాలం మానేశాను.

బళ్ళు తెరిచిన వారంలో టీచరుగారి నంబరు నుంచి ఫోను వచ్చింది. మోగుతుంటే ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఆగి మళ్ళీ మోగింది.

"ఏం కాలేదు బాబూ" అన్నారు ముందే. "సెల్లు ఎన్నాళ్ళకి మార్చమంటావో అడుగుదామని."

నెలకోసారి మార్చమన్నాను.