ఎండబెట్టి పెట్టమన్నాను

2023 వేసవి. పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్లే దారిలో, అడవిని ఆనుకుని ఉన్న ఊళ్లకు నేనే పశువుల డాక్టర్ని. ఆ ఏడు సరిగ్గా మక్కజొన్న కోతలప్పుడు వాన పట్టుకుంది. ఒక జల్లు కురిసి పోయే వాన కాదు, రోజుల తరబడి వదల్లేదు. జనం రోడ్డు పక్కన ఆరబోసిన గింజల మీద బరకాలు కప్పారు. కింద తడి, పైన ఉక్క. గింజలకు పచ్చగా, నల్లగా బూజు పట్టింది.

సారమ్మ ఆ గింజలు కొంగున కట్టుకుని ఆస్పత్రికి వచ్చింది. భర్త పోయాక రెండు బర్రెల మీదే బతుకుతున్న మనిషి.

"సేటు కొననన్నడు సారూ. గివి బర్లకు పెట్టొచ్చా?"

నేను టీకాలకు బయల్దేరే తొందరలో ఉన్నాను. "బాగా ఎండబెట్టి, బూజు దులిపి పెట్టు, పో" అన్నాను. ఇరవై ఏళ్లుగా అందరికీ అదే చెబుతున్నాను, ఎవరి గొడ్డూ చావలేదు. మనిషి తినలేనిదాన్ని గొడ్డు అరిగించుకుంటుందని ఈ ఊళ్లలో ఒక నమ్మకం. అంత చదువూ చదివి నేనూ అదే నమ్మాను, సిగ్గుచేటు! అప్పట్లో బూజంటే మూలనున్న ఒక బస్తాకు పట్టేది. కల్లం మొత్తానికీ పట్టే కాలం వచ్చిందని నా బుర్రకెక్కలేదు.

మూడు వారాలకు ఆమె దూడ చచ్చిపోయింది. కడుపులో నట్టలనుకుని, ఉన్న బర్రెలకు మందు పోసి వచ్చాను. తర్వాత పాలిచ్చే బర్రె మేత మానేసింది. వెళ్లి కనురెప్ప తిప్పి చూస్తే లోపలంతా పసుపు. కామెర్లు, అంటే లివర్ దెబ్బతింది.

"ఏం పెడుతున్నావమ్మా?"

"మీరు చెప్పినట్టే సారూ. ఎండబెట్టిన. మీదికెల్లి ఉడకబెట్టి పెడుతున్న. నోరు లేనిది గదా, పాపం."

మర్నాటికి బర్రె పోయింది. పోస్ట్‌మార్టంలో లివర్ పాలిపోయి, గట్టిగా చేతికి తగిలింది. గింజల శాంపిల్ ల్యాబ్‌కు పంపితే అఫ్లటాక్సిన్ అని వచ్చింది. బూజు వదిలే విషం అది. దులిపినా, ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు. పాలలోకి కూడా దిగుతుంది. దానికి విరుగుడు మందు లేదు.

రిపోర్టు పట్టుకుని వెళ్లేసరికి సారమ్మ రెండో బర్రె, చూడిది, నెలలు నిండకుండానే ఈసుకుపోయి చచ్చిన దూడను వేసింది. దాన్ని పూడ్చడానికి ఆమె గడ్డపారతో గుంత తవ్వుతోంది.

"తప్పు నాది సారమ్మా. నేను చెప్పిందే తప్పు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. గడ్డపార కింద పడేసి నా మొహంలోకి చూసింది.

"అయ్యో సారూ! నేనొక్కదాన్నే పెట్టలే. సారు పెట్టమన్నడని వాడకట్టంతా నేనే చెప్పిన."

గుంత అట్లాగే వదిలేసి నాకంటే ముందు ఆమే ఉరికింది. వానలు మారాక కూడా పాత సలహానే వల్లె వేస్తే డాక్టరే విషం పెట్టినట్టని ఆ వాడకట్టులో ఇల్లిల్లూ తిరుగుతుంటే తెలిసింది. నాలుగో ఇంటి ముందు ఒక ముసలాయన ఉడికిన మక్కలు తొట్లో పోస్తూ నన్ను చూసి నవ్వాడు.

"రండ్రి సారూ. మీరు చెప్పినట్టే పెడుతున్నం."