గుర్రపు సీరం రెండోసారి

1959 జూన్‌లో నన్ను శింగనమల వైపు ఒక చిన్న సర్కారు దవాఖానాకు అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. నాతోపాటు ఒక కాంపౌండరు, ఒక నర్సు. వానలు తక్కువ గనక ఆ వైపు బావులు చాలా లోతు. వాటి రాతికట్టు సందుల్లో రక్తపింజరలు చేరేవి. పాముకాటు మందు ఎప్పుడూ నిల్వ ఉండాలని జిల్లా వైద్యాధికారి ఉత్తర్వు.

ఆ మందు గుర్రాల రక్తం నుంచి తయారయ్యేది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే, దాని ఒంట్లో విషాన్ని విరిచే ప్రతిరక్షకాలు పుడతాయి. వాటిని వేరుచేసి, పొడిగా సీసాల్లో పంపేవారు.

ఖాసీం సాహెబు బావులకు రాతికట్టు కట్టే మేస్త్రీ. నేను చేరిన ఏడాదే కాలికి కాటుపడి వచ్చాడు. మందు ఎక్కించాం, బతికాడు. వారం దాటాక ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, కీళ్లనొప్పులతో మళ్లీ వచ్చాడు. దాన్ని సీరం జబ్బు అంటారు. గుర్రపు సీరాన్ని పరాయిదిగా ఎంచి మనిషి ఒళ్లు తిరగబడటమే అది. కొన్నాళ్లకు తగ్గింది. ఇకమీదట ఈ మందు నీకు పడకపోవచ్చునని చెప్పి పంపాను.

"ఆ మాట పాముతో చెప్పు సార్" అని నవ్వాడు.

1963 వేసవిలో మళ్లీ కాటు పడింది, ఈసారి చేతికి. భార్య బీబీజాన్ ఎద్దులబండిలో తీసుకొచ్చింది. గాజు గొట్టంలో పోసి ఉంచిన రక్తం గడ్డకట్టలేదు; విషం బాగా ఎక్కిందన్నమాట. పద్ధతి ప్రకారం మందును పలచన చేసి, ఒక్క చుక్క ముంజేతి చర్మంలోకి వేసి చూశాను. చూస్తుండగానే అక్కడ తెల్లగా పొంగి చుట్టూ ఎర్రబారింది. ఇద్దరికీ దాచకుండా చెప్పాను: మందు ఇవ్వకపోతే విషం చంపుతుంది, ఇస్తే మందే చంపవచ్చు.

"పోయినతూరి దీంతోనే బతికినా గదా. ఎయ్యి సార్" అన్నాడు ఖాసీం.

మందు వికటిస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకుని, అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతూ పోయాను. కొంతవరకు బాగానే సాగింది. ఆపైన పెదవులు వాచాయి, ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది, నాడి అందలేదు. అడ్రినలిన్ ఇచ్చాం. తేరుకున్నాడు. తేరుకోగానే మందు ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాను.

"ఉంటే యాల నిలిపితివి?"

మళ్లీ ఎక్కించే ధైర్యం నాకు చాలలేదు. అప్పటికి ఎక్కినది ఆ విషానికి సరిపోదని తెలుసు. మర్నాటికి మూత్రం ఆగిపోయింది. మూత్రపిండాల పని చేసిపెట్టే యంత్రాలు మా జిల్లాలో అప్పటికి లేవు. మూడో రోజు పోయాడు.

బీబీజాన్ నన్ను నిందించలేదు. "పాము సంపినాదా సార్, సూది సంపినాదా?" అని మాత్రం అడిగింది. పామే అన్నాను. అబద్ధం కాదు, కానీ పూర్తి జవాబూ కాదు. ఊళ్లలో మాత్రం నింద సూది మీదే పడింది. ఆ ఏడాది కాటుపడినవాళ్లు చాలామంది మంత్రం వేసేవాళ్ల దగ్గరికే పోయారు. మందు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసి ఉండే మనుషులు కూడా వాళ్లలో ఉన్నారు.

వివరం విన్న వైద్యాధికారి తానున్నా అక్కడే ఆపేవాడినన్నారు. ఆ మాట నాకు ఊరట కాలేదు. అరవైల చివర, ప్రతిరక్షకాలు ఒక్క రకం కావని, వాటిలో తరగతులున్నాయని వైద్యపత్రికల్లో చదివాను. వారం తర్వాత కీళ్లు పట్టించేది ముఖ్యంగా జి తరగతి. నిమిషాల్లో ఊపిరి బిగించేది కొత్తగా కనుగొన్న ఇ తరగతి. రక్తంలో అది ఉండేది అతి స్వల్పం. ఖాసీంను బతికించిన మొదటి మందే అతని ఒంట్లో ఈ రెండింటినీ పుట్టించి ఉండాలి.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. అడ్రినలిన్‌తో తేరుకున్న మనిషి ఒంట్లో విషం అలాగే ఉంటుంది. మందు వికటిస్తే కాసేపు ఆగాలి, నాడి కుదుటపడ్డాక మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి. తర్వాత నా సర్వీసులో ఇద్దరికి అలా చేశాను. ఒకరు బతికారు.