ఫ్రిజ్ మీద బాబాయి బీపీ

మా బాబాయి ఓడరేవులో క్రేన్ ఆపరేటర్. అంత ఎత్తున కూర్చుని ఇళ్లంత పెట్టెల్ని అగ్గిపెట్టెల్లా దించుతాడు. కింద నిలబడి జెండా ఊపే పనివాళ్లంటే ఆయనకు భలే చులకన.

నిరుడు ఓడరేవు క్లినిక్‌లో బీపీ ఎక్కువుందని మాత్రలు రాసిచ్చారు. బాబాయి మాత్రలతో పాటు బీపీ మిషనూ కొన్నాడు. మా హాల్లో ఖాళీగా ఉన్న ప్లగ్గు ఫ్రిజ్ పైన ఒక్కటే కావడంతో మిషను ఫ్రిజ్ నెత్తికెక్కింది. రోజూ పొద్దున్నే బాబాయి దాని పక్కన నిలబడి, పట్టీ చుట్టిన చేతిని పైకెత్తి, ఫ్రిజ్ మీద పరిచేవాడు. చూసేవాళ్లకు పాత స్నేహితుడి భుజం మీద చెయ్యేసినట్టుండేది.

"నూట ముప్పై అయిదు! చూశావా, కుర్రాడి బీపీ!"

"మరి మాత్ర?" అనేది పిన్ని.

"లేని జబ్బుకి మందెందుకే? కూరలో కాస్త ఉప్పు వెయ్యి."

పిన్ని కూడా అలాగే చూసుకుంది. ఆమెకు మరీ తక్కువొచ్చింది. అప్పట్నుంచి మధ్యాహ్నాలు నీరసమని పడుకోవడం, అంట్లన్నీ నా వాటాకు రావడం మొదలయ్యాయి.

ఈ ఏడు మళ్లీ ఫిట్‌నెస్ పరీక్ష వచ్చింది. నూట యాభై దాటితే క్రేన్ ఎక్కనివ్వరు. క్లినిక్ మిషను బాబాయికి నూట అరవై ఎనిమిది చూపించింది.

"మీ మిషను పాడైందమ్మా" అన్నాడు బాబాయి.

"అయితే మీది పట్టుకు రండి, చూద్దాం" అంది డాక్టరమ్మ.

మర్నాడు వెళ్లాం. బరువు మోస్తే బీపీ పెరుగుతుందని, టిఫిన్ డబ్బా అంత లేని ఆ మిషన్ని నాచేత మోయించాడు. డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, చేతిని బల్ల మీద పెట్టించి చూసింది. నూట అరవై ఆరు.

"దీనికి బల్ల అలవాటు లేదమ్మా. ఇక్కడ ఫ్రిజ్ ఉందా?"

"దాహమేస్తోందా?"

"దాహం కాదు, ఫ్రిజ్!"

మూలన మందుల ఫ్రిజ్ ఉంది. బాబాయి దర్జాగా వెళ్లి దానిమీద చెయ్యేశాడు. నూట నలభై.

"చూశారా!"

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి ఆపరేటర్ గారూ. పైకెత్తితే చేతిలో ఒత్తిడి తగ్గుతుంది. గుండె మీదా మెదడు మీదా పడే భారం తగ్గదు. ఇంతకీ మాత్రలు వేసుకుంటున్నారా?"

బాబాయి నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. డాక్టరమ్మకు జవాబు దొరికినట్టే ఉంది.

"మరి నా క్రేను?" అన్నాడు బాబాయి. ఆ గొంతు అంత చిన్నదిగా నేనెప్పుడూ వినలేదు.

"అంత ఎత్తున మీకు కళ్లు తిరిగితే కిందవాళ్ల గతేమిటి? నెలపాటు మాత్రలు మానకుండా వేసుకుని రండి. తగ్గితే మీ సీటు మీకే."

ఆ వారం భోజనం తీసుకుని వెళ్లేసరికి బాబాయి ఎండలో జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైన ఆయన సీట్లో ఆయన శిష్యుడు.

"ఒరేయ్, ఎడమకిరా! నీకు పని నేర్పినందుకు నన్ననాలి!"

"అరవకండి గురువుగారూ, బీపీ!" అన్నాడు పక్కనున్న మేస్త్రీ.

బాబాయి ఠక్కున నోరు మూసుకుని నన్ను పక్కకు పిలిచాడు.

"మాత్ర తెచ్చావా?"

"పొద్దున్నే వేసుకున్నావుగా బాబాయ్."

"అది నెల రోజుల్లో తగ్గే లెక్క. రోజుకి రెండేసి వేసుకుంటే పదిహేను రోజులకే ఎక్కనిస్తుందేమో, ఆ డాక్టరమ్మని అడిగి రా."