బస్టాండులో మింగని గోళీ

“ఏ ఊరక్కా మీది?”

“కేతేపల్లి,” అని అబద్ధమాడాను.

“ఏదైతేంది, పరీక్షకు రక్తం ఇచ్చినంకనే ఇంటికి పో,” అని బస్టాండులో నా పక్కన కూర్చున్నామె తన బస్సెక్కింది. మా చివరి మాటలవే.

మా ఆయన బోరుబండి మీద పనిచేసేవాడు. ఆయనకు మర్మస్థానంలో పుండు లేస్తే ఊరి ఆరెంపీ డాక్టరు కంటితో చూసి గోళీలిచ్చాడు. ఆయన ప్రమాదంలో పోయిన రెండో నెలలో నాకూ అలాంటి పుండే లేచింది. తెలిస్తే అత్తింటివాళ్లు నాకు ఇంకో మగాడితో సంబంధం అంటగట్టేవాళ్లు. అందుకే ఆయనకు మిగిలిన గోళీలు దాచుకొని, ఇంట్లో ఎవరూ చూడకుండా నల్లగొండ బస్టాండులో మింగుదామని ఒకటి తీశాను.

అప్పుడే ఆ పక్కనున్నామె దాన్ని గుర్తుపట్టింది. “నాకూ గివే ఇచ్చిండ్రు. పుండ్లన్నీ కండ్లకు ఒక్కతీర్గనే కనబడ్తయి. ఏ రోగమో పరీక్షల తెలుస్తది.”

మా ఆడబిడ్డ పంపిన మనిషేమోనని గోళీని గుప్పిట్లో దాచుకున్నాను. ఆమె కొంగు జరిపి, రక్తం తీసిన చోట, మోచేతి మడతలో అంటించిన దూది చూపించింది.

దవాఖానకు పోయి రక్తం ఇచ్చాను. ఆ గోళీలకు లొంగని రోగమని తేలింది, సూదిమందుతో మానింది. అయినా ఆమె ఎవరి మనిషోనన్న అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నేను చెప్తుంటే ఇది రాస్తున్న మా చెల్లె బిడ్డ సరిత తలెత్తడం లేదు. అడిగాను: “పుండు అన్న మాట రాసినవా, సిగ్గుపడి ఇడిసిపెట్టినవా? మొదటి సంది సదువు బిడ్డా, నేను వింట.”