పన్నెండు నంబరు బోల్టు

మా బావ, అంటే అక్క మొగుడు, పాతపట్నం దగ్గర కోత మిషను నడుపుతాడు. రెండేళ్ల కిందట వరికోతల్లో ఇంజను నుంచి, దానిలోకి గాలి నెట్టే టర్బోకి ఆయిలు తీసుకెళ్లే సన్నటి పైపు చిట్లింది, దాని బోల్టుకీ పగులొచ్చింది. ఆయిలందకపోతే టర్బో నిమిషాల్లో పట్టేస్తుంది. ఊళ్లో అందరి చేలూ కోసి, తన ఎకరన్నర చివరికి ఉంచుకున్నాడు బావ. రాత్రికి వాన తప్పదని ఫోన్లన్నీ మోగుతున్నాయి.

ఆ రోజు నేను అక్కింట్లోనే ఉన్నాను. హైస్కూల్లో ఫిజిక్సు చెబుతాను కదా, సంచిలో వెర్నియర్ కాలిపర్సు కూడా ఉంది. పైపు కొలిచాను, పది మిల్లీమీటర్లు. దాన్ని బిగించే బోల్టు మర కొలిచాను, పన్నెండు. కాగితం మీద రాసుకున్నాను.

"పాత పైపు కూడా అట్టుకెల్లరా బావా," అన్నాడు మా బావ.

"కొలత ఉండగా పైపెందుకు?" అన్నాను. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. అక్క కూడా పైపు తీసుకెళ్లమనేసరికి చిర్రెత్తుకొచ్చి, కావాలనే వదిలేసి శ్రీకాకుళం వెళ్లాను. స్పేర్ పార్టుల కొట్టాయన "పన్నెండేనా?" అని రెండుసార్లు అడిగాడు. పన్నెండే అన్నాను, కాస్త విసురుగా.

తెచ్చిన బోల్టుని బావ ఇంజను కన్నంలో పెడితే లొడలొడలాడింది.

"ఒరే, మనకాడ బోల్టుని పానా నంబరుతోనే పిలుస్తారు కదేటి! పన్నెండంటే పన్నెండు పానా పట్టేది ఇచ్చేసినాడు. దీనికి పదిహేడు పడతాది. పైపుకి లోపలి బొక్క సెప్పాలి, నువ్వేమో పైన కొలిసినావు."

నాకు తల కొట్టేసినట్టయింది. పాత పైపూ బోల్టూ పట్టుకుని మళ్లీ పరిగెత్తాను. కొట్టాయన నన్నేమీ అడగలేదు. పైపు కొస కోసి, లోపలికి డ్రిల్లు బిట్లు ఒక్కొక్కటీ దూర్చి చూశాడు. ఆరు సరిపోయింది. పాత బోల్టుకి నట్లు తిప్పి చూసి జత తీశాడు. రెండు నిమిషాల పని.

నేను ఊరు చేరేసరికి పొద్దు వాలింది. బావ ఎకరం కోశాడో లేదో, వాన దిగింది. అర ఎకరం నీళ్లలో పడుకుంది.

తిడతాడని చూశాను. తిడితే బాగుండేది. "పోన్లేరా బావా, తడిసినావు, తల తుడుసుకో," అన్నాడు. ఆ మనిషంటే నాకు ప్రాణం.

ఆ ఏడూ అక్క మాకు ఎప్పటిలాగే బియ్యం బస్తా పంపింది. గింజ విరగలేదు, మల్లెపూవుల్లా ఉన్నాయి. తడిసిన పంటని ఎలాగో వదిలించుకున్నారనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

వేసవిలో ఒక మధ్యాహ్నం చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరూ భోజనాల దగ్గరున్నారు. కంచాల్లో అన్నం రంగు మారి, ముక్కిన వాసన వేస్తోంది. నేను చెయ్యి కడుక్కుని బావ పక్కన కూర్చున్నాను, నాకూ అదే పెట్టమన్నాను.

అక్క వినలేదు. లేచి వెళ్లి, నాకని వేరే ఎసరు పెట్టింది.