రేపల్లె రైల్లో సబ్బు సర్వే

ఎం.కాం. అయ్యాక ఎం.ఫిల్.లో చేరాలని నాకూ, రేపల్లెలో మా పక్కింటి పాస్టరుగారి అమ్మాయికీ ఒకేసారి పిచ్చి పట్టింది. తొంభైల మొదట్లో సంగతి. ప్రవేశ పరీక్షలో పరిశోధనా పద్ధతుల పేపరు ఉండేది. బాపట్లలో రిటైరైన కామర్స్ లెక్చరరుగారు అది మాకు చెబుతానన్నారు. ప్రతి శనివారం ఆడపిల్లలిద్దరం రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగేవాళ్లం.

కొన్ని వారాలు నోట్సు చెప్పాక ఒకరోజు సారు, "ఇక పుస్తకాలు మూసెయ్యండి. బట్టల సబ్బు ఏం చూసి కొంటారో జనాన్ని అడిగి రండి. అడిగి ఊరుకోండమ్మా, జవాబు మీరు అందించకండి" అన్నారు.

జనం ధర చూసే కొంటారని మేం ముందే తీర్మానించేసుకున్నాం.

ఆ సాయంత్రం తెనాలిలో రేపల్లె రైలెక్కాం. ఎదురుగా చెరుకుపల్లి వెళ్లే రైతు దంపతులు కూర్చున్నారు. మా పాస్టరుగారి అమ్మాయి పెన్సిలు సర్దుకుని, "బాబాయిగారూ, మీరు చవగ్గా దొరికే సబ్బే కొంటారు కదండి?" అంది. అందించొద్దన్న జవాబు కాస్తా అందించేసింది! గట్టిగా గిల్లాను.

పెద్దాయన మీసం సవరించుకున్నాడు. "చవకదెందుకు కొంటానమ్మా? నురగ చూసి నేనే ఎంచి తెస్తా."

పక్కన బత్తాయి వలుస్తున్న ఆయన భార్య తలెత్తింది. "ఏంటీ, నురగా? ఈయన తెచ్చేది గేదెలు కడగడానికి వాడతానమ్మా. బట్టలకి నేను వేరే తెప్పించుకుంటా."

"ఎప్పట్నించే?" అన్నాడాయన తెల్లబోయి.

"పెళ్లైన కాణ్ణించి."

పెట్టె మొత్తం గొల్లుమంది. ఆయనే అందరికంటే ఎక్కువగా, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మా ఇంట్లోనూ అంతేనండి" అంటూ అవతలి సీట్ల ఆడవాళ్లు లేచి వచ్చారు. ఎవరు చెప్పింది రాసుకోవాలో తెలియలేదు. ఇంతలో ఆ పిన్నిగారు, "ఇంతకీ మీ ఇళ్లల్లో ఏం సబ్బమ్మా?" అని మమ్మల్నే అడిగింది. "అమ్మని అడగాలండి" అన్నాం ఇద్దరం. మా బట్టలు మా అమ్మలే ఉతికేవారు! మళ్లీ ఒక విడత నవ్వులు. నాకైతే కడుపు నొప్పి పుట్టింది.

తరువాతి శనివారం సారు అంతా విని, "అందరి ముందూ చెప్పిన జవాబులు పనికిరావు. కొట్టెయ్యండి" అన్నారు. మా మొహాలు వాడిపోయాయి. అప్పుడాయన నవ్వారు. "కొనేవాళ్లు ఒకరు, వాడేవాళ్లు ఒకరని పట్టుకున్నారు కదమ్మా! ఎవర్ని అడగాలో తెలిస్తే సగం పరిశోధన అయినట్టే."

బయటికి వచ్చాక మా కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ నెలంతా తెనాలిలో ఇల్లిల్లూ తిరిగి, బట్టలు ఉతికేవాళ్లనే విడివిడిగా అడిగాం. వద్దన్నా కాఫీలు ఇచ్చేవారు.

పరీక్ష గట్టెక్కాక ఇంటర్వ్యూలో నన్ను, "మీరు ఊహించింది తప్పని తేలితే ఏం చేస్తారు?" అని అడిగారు.

"సంతోషిస్తానండి" అనేశాను. ఎందుకన్నారు. రైలు కథ చెప్పాను. బల్లకి అవతల కూర్చున్న పెద్దవాళ్లు కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు.

ఇద్దరికీ సీట్లు వచ్చాయి. సారుకు చెప్పి, ఆయన భార్య పెట్టిన పెసరట్లు తిని, బస్సెక్కి సూర్యలంక వెళ్లాం. మోకాళ్ల దాకా నీళ్లల్లో నిలబడి, అల వచ్చినప్పుడల్లా ఒకరినొకరు "ఏమండీ రిసెర్చ్ స్కాలరుగారూ!" అని పిలుచుకున్నాం. చీరలు నిలువునా తడిసిపోయాయి.